అనకాపల్లి తీర్థాలు: శారద ఒడ్డున రెండు పండగలు, ఒక కొండ

కనుమ నాడు కాకైనా కదలదని మనందరికీ తెలిసిన మాటే. మినుములు తినాలి, ఇంటి పట్టున ఉండాలి, ప్రయాణాలు పెట్టుకోకూడదు. పండక్కి పుట్టింటికొచ్చిన కూతుర్ని ఇంకొక్క రోజు ఉంచుకోవడానికి ఏ తల్లో కనిపెట్టిన మాట అయ్యుంటుందని నా అనుమానం. అల్లుడుగారు బస్సు టైము చూసుకుంటుంటే, "కనుమ నాడు కదలకూడదు బాబూ" అంటే ఎవరు కాదంటారు చెప్పండి!

కానీ మా అత్తవారి బుచ్చయ్యపేట వైపు, అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట సగమే చెల్లుతుంది. ప్రయాణం చేయరు, నిజమే. తీర్థానికి మాత్రం వెళ్తారు! గారెలు తినేసి, పిల్లలకి కొత్త బట్టలు వేసి, ఆటోల్లో, బళ్ళ మీద, దగ్గర ఊళ్ళ వాళ్ళయితే నడిచే శంకరం ఊరి కొండ దగ్గరకి చేరతారు. అదే బొజ్జన్నకొండ.

తీర్థం అంటే కాశీ, రామేశ్వరం అనుకునేరు. మా ఉత్తరాంధ్రలో తీర్థమంటే ఊరి సంబరం. గుడి దగ్గరో, కొండ దగ్గరో, ఏటి ఒడ్డునో ఒక రోజు జనం చేరడం, జీళ్ళు, ఖర్జూరం, గాజులు, బుడగలు, రంగులరాట్నం, చుట్టాలు కనబడితే "ఎప్పుడొచ్చారేటి" అని పలకరింపులు. దేవుడి దర్శనం ఎంత ముఖ్యమో మనుషుల దర్శనమూ అంతే ముఖ్యం. పెళ్ళీడు పిల్లల్ని పెద్దవాళ్ళు ఓ కంట చూసుకునేది కూడా ఇక్కడే. ఇంటి పనితో ఏడాదంతా గడప దాటని ఆడవాళ్ళకి మా వైపు దొరికిన సెలవు దినాలు ఈ తీర్థాలు.

విహారయాత్ర అంటే ఊటీ, అరకు అనుకునే మా పిల్లలకి, విశాఖపట్నానికి దగ్గర్లోనే ఇంత చరిత్ర ఉందని చెప్పాలనిపించి కొన్ని విషయాలు పోగు చేసుకున్నాను. అవి మీతోనూ పంచుకుందామని ఈ వ్యాసం.

ఏరు ముందు, ఊరు తర్వాత

అనకాపల్లి శారదానది ఒడ్డున పుట్టిన ఊరు. తూర్పు కనుమల్లో మొదలై, దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయం నింపి, పొలాల మధ్య నుంచి అనకాపల్లి పక్కగా దిగి, రాంబిల్లి వైపు సముద్రంలో కలుస్తుంది శారద. గోదావరి, కృష్ణల ముందు ఇది చిన్న ఏరే. ఎండాకాలంలో చూస్తే ఇసుక తప్ప నీళ్ళు కనబడవు. వానాకాలంలో మాత్రం కొండ మీద కురిసిన వాన మొత్తం ఒక్కసారే దిగి వచ్చేస్తుంది. ఇలాంటి ఏళ్ళని నమ్మి కాపురం చేయడానికి చాలా ఓర్పు కావాలి.

బుచ్చయ్యపేట మండలం వైపు పారేది పెద్దేరు. వడ్డాది ఊరి పక్క నుంచి వెళ్తుంది. పెద్దేరు, బొడ్డేరు, తాచేరు అన్నీ కొండల్లో పుట్టిన అక్కచెల్లెళ్ళలాంటివి, చివరకు అందరూ శారదలో కలిసేవాళ్ళే. విశాఖ నగరానికి వచ్చే మంచినీళ్ళలో కొంత వాటా రైవాడ నుంచే కాలువలో వస్తుంది. అంటే విశాఖలో చాలా ఇళ్ళలో పప్పు ఉడికేది శారద నీళ్ళతోనే. కుళాయి తిప్పినప్పుడు ఏరు ఎవరికి గుర్తొస్తుంది!

ఈ నీళ్ళే ఇక్కడ చెరకుని పండించాయి. చెరకు బెల్లమైంది, బెల్లం అనకాపల్లికి పేరు తెచ్చింది. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్ద వాటిల్లో ఒకటి. చెరకు మీద పరిశోధన కోసం ఇక్కడ 1913లోనే ఒక కేంద్రం పెట్టారు. ఉగాది పచ్చడిలో, సంక్రాంతి అరిసెలో, బొబ్బట్టులో మనం వేసే బెల్లం దిమ్మ వెనక ఇంత ఊరు, ఇంత ఏరు ఉన్నాయన్నమాట. పక్కనే మాడుగుల, హల్వాకి పేరు. గోధుమల పాలు తీసి, నెయ్యి పోసి, గంటల తరబడి కలిపి చేసే ఆ హల్వా తినని పెళ్ళిళ్ళు మా వైపు తక్కువ.

వడ్డాది: చేప కడుపున పుట్టిన రాజు

ఇప్పుడు వడ్డాది అంటే భీమిలి - నర్సీపట్నం రోడ్డు మీద బస్సులాగే ఒక కూడలి. టీ కొట్లు, బట్టల కొట్లు, సంత. ఊరి కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. కానీ 700 ఏళ్ళ కిందట ఇదొక రాజ్యానికి రాజధాని అంటే నమ్ముతారా? అప్పట్లో ఒడ్డాది అనేవాళ్ళు. ఏలినవాళ్ళు మత్స్య వంశపు రాజులు.

బుచ్చయ్యపేట మండలంలోనే దిబ్బిడి అని ఒక ఊరుంది. ఆ పేరుతోనే చరిత్రకారులు పిలుచుకునే రాగి శాసనాలు ఉన్నాయి, దిబ్బిడ శాసనాలు. 1269లో మత్స్య వంశపు అర్జునుడనే రాజు బ్రాహ్మణులకి అగ్రహారం ఇస్తూ రాయించినవి. అందులో రాజుగారు తన వంశం కథ చెప్పుకున్నాడు. ఒక అప్సరస శాపం వల్ల మత్స్య నదిలో చేపగా మారిందట. ఆ చేపకి ఒక ఋషి వల్ల కొడుకు పుట్టాడట. అతని పేరు సత్యమార్తాండుడు. ఉత్కళ దేశపు రాజు జయత్సేనుడు ఆ కుర్రాడిని చూసి ముచ్చటపడి, తన కూతురు ప్రభావతినిచ్చి పెళ్ళి చేసి, ఒడ్డాది సీమని ఏలుకోమన్నాడట.

ఇది కథే అనుకోండి. కానీ ఈ కథలో నాకు నచ్చినది, మా రాజుల వంశానికి మొదట నిలబడింది ఒక తల్లి. అదీ శాపం తిన్న తల్లి. రెండోది ఒక కోడలు, పెద్ద రాజు కూతురై ఉండి అడవులూ కొండలూ ఉన్న సీమకి కాపురానికొచ్చిన ప్రభావతి. రాగి రేకు మీద రాజులు దానం చేసిన భూమి వివరాలే ఉంటాయనుకుంటాం. చూడండి, అత్తాకోడళ్ళ సంగతి కూడా ఉంది!

ఆ ఒడ్డాదికి తర్వాత కష్టకాలం వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు గజపతి మీదకి కళింగ దండయాత్రకి వచ్చినప్పుడు ఈ దారినే వెళ్ళాడు. అల్లసాని పెద్దన మనుచరిత్ర మొదట్లో రాయల పరాక్రమాన్ని నిప్పుతో పోల్చి, అది ఏ ఏ ఊళ్ళను అంటుకుంటూ కటకం దాకా వెళ్ళిందో వరసగా చెప్తాడు. ఆ వరసలో ఒడ్డాది కూడా ఉంది, మసి అయిపోయిందని. స్కూల్లో ఆ పద్యం వల్లె వేసినప్పుడు రాయలవారి గొప్పే కనబడుతుంది. ఆ మసి అయిన ఊళ్ళో పొయ్యి మీద అన్నం పెట్టుకుని ఉన్న ఆడవాళ్ళు మాత్రం కనబడరు. మన ఊరి పేరు పద్యంలో ఉందని సంబరపడే ముందు, ఏ సందర్భంలో ఉందో కూడా చూసుకోవాలి.

అదే దండయాత్రలో రాయలు సింహాచలం వచ్చి అప్పన్నకి ముత్యాల హారాలు, నగలు సమర్పించాడు. 1516 నాటి శాసనం అక్కడే గుడిలో ఉంది. తల్లిదండ్రుల పుణ్యం కోసమని అందులో రాయించాడు, రాణుల పేర్లూ ఉన్నాయి. ఒక ఊరికి మసి, ఒక గుడికి ముత్యాలు. రెండూ ఒక్క రాజు చేతివే. పిల్లలకి చరిత్ర చెప్పేటప్పుడు ఈ రెండూ కలిపే చెప్పాలని నాకనిపిస్తుంది.

బుద్ధుడు బొజ్జన్న అయిన కొండ

ఒడ్డాది మసి కావడానికి వెయ్యేళ్ళ ముందు సంగతి బొజ్జన్నకొండ. అనకాపల్లి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు. ఊరి పేరు శంకరం. శివుడి పేరేమో అనుకుంటాం గాని, అసలు మాట సంఘారామం. బౌద్ధ భిక్షువులు కలిసి ఉండే చోటు. సంఘారామం నోట్లో నలిగి నలిగి శంకరం అయింది. బుద్ధన్న బొజ్జన్న అయ్యాడు. పక్కనే ఉన్న రెండో కొండ మీద వరసలు వరసలుగా రాతిలో చెక్కిన చిన్న పెద్ద స్తూపాలు శివలింగాల్లా కనబడేసరికి అది లింగాలకొండ అయింది. ఊరు తన దేవుణ్ణి మర్చిపోయింది గాని పేరు మాత్రం పారేయలేదు, కాస్త మార్చి వాడుకుంది. పాత పట్టుచీర కత్తిరించి మనం పిల్లకి పరికిణీ కుట్టమూ, అలాగే.

1906-08 మధ్య అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి ఇక్కడ తవ్వకాలు చేయించాడు. మట్టి తీసేకొద్దీ ఇటుకల కట్టడాలు, భిక్షువుల గదులు, చైత్యాలు, మట్టి ముద్రలు, కుండలు బయటపడ్డాయి. నాణేలు కూడా దొరికాయి. సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి, తూర్పు చాళుక్యుల కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు. ఉత్తరాదిన గంగ ఒడ్డున చెలామణి అయిన బంగారు నాణెం శారద ఒడ్డు దాకా ఎవరి మొలలో దాక్కుని వచ్చిందో! వర్తకుడో, యాత్రికుడో, ఏ తల్లి మొక్కుకి తెచ్చి ఇచ్చిందో. సుమారు 4వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం దాకా ఈ కొండ మీద బౌద్ధం వెలిగిందని చెప్తారు. అంటే అటూ ఇటూగా 500 ఏళ్ళు. మొదట హీనయానం, తర్వాత మహాయానం, చివర్లో వజ్రయానం, మూడింటి జాడలూ ఒక్క కొండ మీదే ఉన్నాయి.

మెట్లెక్కి వెళ్తే రాతిని తొలిచిన గుహలు వస్తాయి. అన్నిట్లో పెద్ద గుహలో 16 స్తంభాలు, మధ్యలో అదే రాతిలో చెక్కిన స్తూపం. బయట రాతి గోడ మీద కూర్చున్న బుద్ధుడి బొమ్మలు. ఇంకా పైకెళ్తే ప్రధాన స్తూపం. కొండ రాతినే గుండ్రంగా చెక్కి, దాని మీద ఇటుకలు పేర్చి కట్టారు. మైసూర్‌పాక్ ముక్క కోసినట్టు రాయిని కోసుకుంటూ వెళ్ళారా అనిపిస్తుంది. అతికించడానికి లేదు, తప్పు పోతే మళ్ళీ చేయడానికి లేదు. ఎంత నిదానం కావాలి!

విశాఖ దగ్గర బావికొండ, తొట్లకొండ, పావురాలకొండ చూసినవాళ్ళకి ఇలాంటి చోట్లన్నీ కొండల మీదే ఎందుకున్నాయో ఒక అంచనా వచ్చే ఉంటుంది. వానాకాలం మూడు నెలలు భిక్షువులు ఊళ్ళు తిరగకుండా ఒక్క చోట ఉండాలని నియమం. ఊరికి మరీ దగ్గర ఉండకూడదు, గొడవ. మరీ దూరం ఉండకూడదు, భిక్ష దొరకదు. శారద పక్క ఊళ్ళకి నడక దూరంలో, కాస్త ఎత్తులో, వాన నీళ్ళు రాతి తొట్లలో నిలవ చేసుకునే వీలున్న కొండ కంటే ఇంకేం కావాలి? అలా చూస్తే, పొద్దున్నే గిన్నె పట్టుకుని కొండ దిగే భిక్షువులకి 500 ఏళ్ళు అన్నం పెట్టింది ఈ చుట్టుపక్కల ఇల్లాళ్ళే. వాళ్ళ పేర్లు ఏ రాయి మీదా లేవు.

పిల్లలు గల తల్లి హారీతి

బొజ్జన్నకొండ దగ్గర బుద్ధుడి తర్వాత నేను ఎక్కువసేపు ఆగింది హారీతి కథ దగ్గర. కొండ కింద హారీతి విగ్రహం ఉంది. చాలామంది గమనించకుండా పైకి వెళ్ళిపోతారు.

హారీతి ఒక యక్షిణి. ఆమెకి వందల కొద్దీ పిల్లలు. తన పిల్లల్ని సాకడానికి ఊళ్ళో వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుపోయి తినేసేదట. ఊరి తల్లులు ఏడుస్తూ బుద్ధుడి దగ్గరకి వెళ్ళారు. బుద్ధుడు ఆమెని శపించలేదు, చంపించలేదు. ఆమె కడగొట్టు పిల్లాడిని తన భిక్షాపాత్ర కింద దాచేశాడు. హారీతి లోకమంతా వెతికింది, గుండెలు బాదుకుంది, చివరికి బుద్ధుడి కాళ్ళ దగ్గర పడింది. "వందల మందిలో ఒక్కడు కనబడకపోతేనే నీకింత దుఃఖమైతే, ఒక్కడే ఉన్న తల్లికి ఎంత ఉండాలి?" అని అడిగాడట ఆయన. ఆమెకి కళ్ళు తెరుచుకున్నాయి. "మరి నా పిల్లలకి తిండి?" అని అడిగింది. భిక్షువులు తినే ముందు నీకూ నీ పిల్లలకీ ముద్ద తీసిపెడతారు అని మాటిచ్చాడు. అప్పటి నుంచి పిల్లల్ని తినే రాక్షసి పిల్లల్ని కాపాడే తల్లయింది.

ఆ మాట వట్టి కథలోనే ఉండిపోలేదు. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఇత్సింగ్ అనే చైనా యాత్రికుడు, ఇక్కడి విహారాల్లో వాకిట్లోనో భోజనశాల మూలనో హారీతి బొమ్మ ఉండేదని, ఒళ్ళో పసిబిడ్డ, మోకాళ్ళ దగ్గర ముగ్గురో ఐదుగురో పిల్లలు ఉండేవారని, రోజూ ఆమెకి అన్నం పెట్టేవారని రాసుకున్నాడు. గాంధార శిల్పాల్లో ఆమె ఉంది. జపాన్‌లో కిషిమోజిన్ అనే పేరుతో ఈ రోజుకీ కాన్పు సుఖంగా కావాలని, పిల్లలు చల్లగా ఉండాలని మొక్కుకుంటారు. మా శంకరం కొండ కిందున్న తల్లి, జపాన్ తల్లుల మొక్కులందుకుంటున్న తల్లి ఒక్కరేనన్నమాట.

ఈ కథ మా అత్తగారికి చెప్తే ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే ఆవిడ కూడా మన అమ్మోరే గదమ్మా. ముద్ద ఎట్టకపోతే కోపం, ఎడితే సల్లగా సూత్తాది" అన్నారు. అంతకన్నా బాగా ఏ పుస్తకం చెప్తుంది! మశూచి రోజుల్లో అమ్మవారు పోసిందంటే ఊరంతా వణికేది. ఆ భయాన్నే చలివిడి, చద్దన్నం, పసుపు నీళ్ళు, వేపాకులతో బతిమాలుకుని తల్లిని చేసుకున్నారు మన ముందు తరాల ఆడవాళ్ళు.

రాళ్ళు విసిరిన చేతులు

ఇక చెప్పక తప్పని విషయం. కనుమ తీర్థంలో చాలాకాలం ఒక అలవాటుండేది. కొండ మీద ఉన్న ఒక బానపొట్టలాంటి ఆకారాన్ని రాక్షసుడనుకుని జనం రాళ్ళతో కొట్టేవారు. వేల మంది వచ్చే రోజు అది. తలా ఒక రాయి వేసినా ఎన్ని రాళ్ళో లెక్కేసుకోండి. 1,500 ఏళ్ళ కిందటి చెక్కడాల మధ్య!

మా అత్తగారిది ఆ దగ్గర ఊరే. ఆవిడ చెప్పారు, "మా సిన్నప్పుడు అందరూ ఇసిరీవోళ్ళు, మేమూ ఇసిరీవోళ్ళం. ఎందుకని ఎవులడిగారమ్మా? రాచ్చసుడి పొట్ట అన్నారు, కొట్టాం." ఇందులో ద్వేషం లేదు. బుద్ధుడి మీద కోపం లేదు. అసలు అక్కడున్నది బుద్ధుడని తెలిస్తే కదా!

నాకొక ఊహ ఉంది. ఊహ మాత్రమే సుమండీ. బుద్ధన్న బొజ్జన్న అయ్యాడు. బొజ్జన్న అనగానే మనకి బొజ్జ గుర్తొస్తుంది. బొజ్జలా కనబడే రాయి ఎదురుగా ఉంది. బొజ్జ ఉన్నవాడు వినాయకుడైనా అవ్వాలి, రాక్షసుడైనా అవ్వాలి. తవ్వకాలకి ముందు మట్టిలో సగం పూడి ఉన్న కొండ మీద, గుహల చీకట్లో, ఎవరు చెక్కారో తెలియని పెద్ద పెద్ద బొమ్మల మధ్య పిల్లలకి రాక్షసుడే తోచి ఉంటాడు. ఒక్క అక్షరం మారితే అర్థం ఎంత దూరం వెళ్ళిపోతుందో చూడండి.

బొజ్జన్నకొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఆ శాఖ వాళ్ళు, ఇన్‌టాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ వాళ్ళు చెప్పగా చెప్పగా రాళ్ళు విసరడం ఆగింది. తీర్థం మాత్రం ఆగలేదు. అదే నాకు ముఖ్యమనిపిస్తుంది. రాళ్ళు విసురుతున్నారని జనాన్నే రానివ్వకుండా చేసి ఉంటే కొండ భద్రంగా ఉండేదేమో గాని ఒంటరిదైపోయేది. తలుపు తాళమేసిన పాత ఇంటికీ, ఇల్లాలు తిరిగే పాత ఇంటికీ తేడా మనకి తెలుసు కదా.

ఒక మాట ఒప్పుకోవాలి. భిక్షువులు వెళ్ళిపోయి వెయ్యేళ్ళయినా ఆ కొండని జనం మర్చిపోకుండా ఉంచినది ఈ కనుమ తీర్థమే. ఎందుకు వెళ్తున్నారో మర్చిపోయారు, వెళ్ళడం మాత్రం మానలేదు. అమ్మమ్మ చేయి పట్టుకుని అమ్మ వెళ్ళింది, అమ్మ చేయి పట్టుకుని కూతురు వెళ్ళింది. నడక అలాగే ఉంచి, చేతిలో రాయి ఒక్కటి వదిలేయమన్నారు. వదిలేశారు. వెయ్యేళ్ళ అలవాటు మానడం మాటలా? మన ఇళ్ళల్లో కాఫీలో అర చెంచా పంచదార మాన్పించడానికే ఎన్నేళ్ళు పడుతుందో అనుభవం ఉన్నవాళ్ళం!

రాక్షసి అనుకున్న హారీతికి బుద్ధుడు ముద్ద పెట్టించాడు. బుద్ధుణ్ణే రాక్షసుడనుకుని మనం రాళ్ళు వేశాం. ఈ రెండు కథలూ ఒకే కొండ మీద ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు రెండూ చెప్పండి. ఎవరో దూరపు వాళ్ళు వచ్చి పాడు చేశారని చెప్పడం తేలిక. మన ఇంటి పెద్దవాళ్ళే, తెలియక, పండగ సంబరంలో చేశారని చెప్తేనే పిల్లలు ఇవాళ గోడ మీద మేకుతో పేరు గీకే ముందు ఆగుతారు. ప్రేమికుల పేర్లు గీకడం కూడా రాయి వేయడమే కదా.

కొత్త అమావాస్య, నూకాలమ్మ

కనుమ తీర్థం అయిన రెండు నెలలకి అనకాపల్లిలో ఇంకో సంబరం మొదలవుతుంది. ఉగాదికి ముందు రోజు వచ్చే అమావాస్యని మేం కొత్త అమావాస్య అంటాం. ఆ రోజు గవరపాలెంలో నూకాంబిక అమ్మవారి జాతర. అక్కడి నుంచి నెల రోజులు, మళ్ళీ అమావాస్య దాకా, జనం వస్తూనే ఉంటారు.

గోల్కొండ నవాబుల కాలంలో కాకర్లపూడి వంశం వాళ్ళు ఇక్కడ కోట కట్టుకుని పాలించినప్పుడు ఈ తల్లికి గుడి కట్టించారని, అప్పట్లో కాకతాంబ అనేవారని, తర్వాత నూకాంబిక అయిందని స్థలచరిత్ర చెప్తుంది. కోట పోయింది, రాజులు పోయారు. తల్లి మాత్రం నూకాలమ్మగా ఇంటింటి మనిషైపోయింది. మా ఉత్తరాంధ్రలో ఏ ఊరెళ్ళినా ఒక నూకరాజు, ఒక నూకరత్నం, ఒక నూకాలు తప్పకుండా తగుల్తారు. సింహాచలం అప్పన్న పేరున అప్పలరాజులు, అప్పలనర్సమ్మలు, విజయనగరం పైడితల్లి పేరున పైడిరాజులు, పైడమ్మలు. మనుషుల పేర్లు చూసి ఏ ఏటి ఒడ్డు వాళ్ళో చెప్పేయొచ్చు.

కొత్తగా పెళ్ళయిన జంటలు తప్పకుండా వస్తారు. పసుపు, కుంకుమ, చీర, గాజులు, పిల్లల తలనీలాలు. తల మీద ఘటం పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళ ముఖం చూస్తే ఏడాదంతా గుండెలో మోసిన బరువు ఏదో ఇవాళ తల మీద పెట్టుకొచ్చి దింపుతున్నట్టు ఉంటుంది. బిడ్డకి జ్వరం తగ్గితే వస్తానన్న మొక్కు, మనవరాలి కాన్పు బాగా జరిగితే వస్తానన్న మొక్కు. వీటిలో చాలావరకు ఇంట్లో మగవాళ్ళకి చెప్పని మొక్కులు.

హారీతి కొండ కింద, నూకాలమ్మ గవరపాలెంలో. మధ్యలో దూరం నాలుగు కిలోమీటర్లు, కాలం వెయ్యేళ్ళు పైన. ఒకరిది ఒక మతం, ఇంకొకరిది ఇంకో ఆచారం. అడిగేది మాత్రం ఒక్కటే, నా పిల్లల్ని చల్లగా చూడమ్మా అని.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

కొండ ప్రశాంతంగా చూడాలంటే కనుమ నాడు వద్దు, కార్తీకమాసంలోనో, సంక్రాంతి ముందో, ఒక పని రోజున వెళ్ళండి. తీర్థం చూడాలంటే కనుమ నాడే వెళ్ళాలి, మధ్యాహ్నం ఎండ దిగాక. రెండూ రెండు అనుభవాలు. పొద్దున్నే ఎక్కితే ఎండ తగలదు. మెట్లున్నాయి గాని, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నిదానంగా ఎక్కండి, సగంలో గుహల దగ్గర కూర్చునే వీలుంది. మంచినీళ్ళు మీరే పట్టుకెళ్ళండి. లింగాలకొండ వదలకండి. చాలామంది మొదటి కొండ చూసి ఓపిక లేక తిరిగొచ్చేస్తారు. ఆ స్తూపాల వరసలు చూడకపోతే సగం చూసినట్టే. పిల్లల్ని స్తూపాల మీదకి ఎక్కి ఫొటోలు దిగనివ్వకండి.

వనభోజనాలకైతే కొండ మీద కాదు. కోనాం జలాశయం వైపో, కళ్యాణపులోవ వైపో వెళ్ళండి. అక్కడ కొండలు, నీళ్ళు, చెట్ల నీడ అన్నీ ఉన్నాయి. కానీ నీళ్ళలో దిగనివ్వడం మాత్రం వద్దు. కొండ ఏళ్ళు చూడ్డానికి మోకాలి లోతే ఉంటాయి, ఎగువన వాన పడితే నిమిషాల్లో పొంగుతాయి. విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు సంచిలో వేసుకుని తెచ్చేయండి. ఆ నీళ్ళు మళ్ళీ ఎవరో ఒకరి వంటింట్లోకే వస్తాయి.

తిరిగొచ్చేటప్పుడు వీలుంటే వడ్డాది మీదుగా రండి. చూడ్డానికి కోట గోడలేం కనబడవు. పెద్దేరు వంతెన దగ్గర బండి ఆపి, చేప కడుపున పుట్టిన రాజు కథ పిల్లలకి చెప్పండి. మా చిన్నది ఆ కథ విని, "మరి వాళ్ళమ్మ మళ్ళీ నీళ్ళల్లోకి వెళ్ళిపోయిందా?" అని అడిగింది. శాసనంలో దానం ఇచ్చిన ఊరి పేరు, తేదీ ఉన్నాయి గాని ఇలాంటి ప్రశ్నలకి జవాబులుండవు. అలాంటివి పిల్లలూ మనమూ కలిసి అల్లుకోవాల్సిందే.

అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. ఇక బోర్డులు పెరుగుతాయి, రోడ్లు వెడల్పవుతాయి, వచ్చేవాళ్ళూ పెరుగుతారు. మంచిదే. చెరకు తోటలు తగ్గిపోతున్న ఊళ్ళకి నాలుగు చేతులకి పని దొరికితే మేలే. రాబోయే సంక్రాంతికి మీరు ఈ వైపు వస్తే, కనుమ నాడు గారెలు నాలుగు ఎక్కువ వేసి డబ్బాలో పెట్టుకోండి. కొండ కింద హారీతి ఎక్కడుందో అడిగి చూడండి. దారిలో మార్కెట్ దగ్గర ఆగి ఒక బెల్లం దిమ్మ కొనుక్కోండి. కొనేటప్పుడు తెల్లగా మెరిసేది కాకుండా కాస్త ముదురు రంగుది ఏరుకోండి, అరిసెలకి అదే బాగుంటుంది.